సోల్విగమ్మ ఉత్తరాల్లో బాలమ్మ

యాకుత్‌పురాలో మా బర్రెల కొట్టం దాటితే మూడో ఇల్లు నార్వే వాళ్ళది. ఆయన హారల్డ్ సాబ్, ఆవిడ సోల్విగమ్మ. ఇద్దరికీ డెబ్బై దాటాయి. క్రీస్తు సేవ అని అంత దూరం నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా గల్లీలోని ముసలివాళ్ళ కళ్ళు పరీక్షించి ఊరికే అద్దాలు ఇచ్చేవారు. మంచివాళ్ళే. వాళ్ళ మంచితనం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళింట్లో వంటా పనీ అంతా బాలమ్మదే. పొద్దున ఆరింటికి నేను పాలు పోయడానికి వెళ్ళేసరికి ఆమె స్టవ్వు వెలిగించి ఉండేది. సాబ్‌కు చక్కెర లేని జావ, సోల్విగమ్మకు పల్చటి టీ, ఇద్దరి మాత్రలూ వేర్వేరు గిన్నెల్లో. టిఫిన్ అయ్యాక ముగ్గురూ టేబుల్ చుట్టూ కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మనసులోని బరువు పైకి చెప్పుకుని ప్రార్థించడం ఆ ఇంటి పద్ధతి. బాలమ్మ మల్లన్నకు మొక్కే మనిషి. అయినా పిలిచారు గదా అని కూర్చునేది.

ఒకరోజు అట్లా కూర్చుని తన బరువు చెప్పేసింది. కూతురు అఖిల ఆమె కన్న పిల్ల కాదు. బాలమ్మ రైలు పెట్టెలు కడిగే పని చేసే రోజుల్లో, ఆగి ఉన్న బండిలో సీటు కింద, తువ్వాలలో చుట్టి ఎవరో వదిలేసిన పసిగుడ్డు. అప్పటికే భర్త పోయి, పిల్లల్లేక ఒంటరిగా ఉన్న బాలమ్మ ఆ పిల్లను ఎత్తుకుంది. కార్వాన్‌లో తనుండే గది ఖాళీ చేసి, తనను ఎరిగినవాళ్ళెవరూ లేని యాకుత్‌పురాకు వచ్చేసింది. "పిల్లకు తెల్వద్దమ్మా. తెలిస్తే నేను బతుక" అని ఏడ్చింది. సోల్విగమ్మ ఆమె చేతులు పట్టుకుని తనూ ఏడ్చింది.

ఇదంతా నాకెట్లా తెలుసంటారా? నెలకోసారి సోల్విగమ్మ తమ దేశంలోనూ బయటా ఉన్న క్రైస్తవ సంఘాలకు ఇంగ్లీషులో ఉత్తరం రాసేది. ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో పేర్లతో సహా అందులో ఉండేది. దాన్ని నలభై కాపీలు జిరాక్స్ తీయించి పోస్టు చేసే పని నాది. డిగ్రీ తప్పినా ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు. ఆ నెల ఉత్తరంలో పైన బాలమ్మ ఫోటో. కింద రైలు సీటు, తువ్వాల, అఖిల పేరు, బాలమ్మ ఏడుపు, పిల్లకు తెలియకూడదన్న మాట, అన్నీ ఉన్నాయి.

చదివి, మడిచి, పోస్టు డబ్బాలో వేశాను. బాలమ్మకు చెప్పలేదు. నార్వే వాళ్ళు చదివితే యాకుత్‌పురాకు ఏం తెలుస్తుంది, నాకెందుకొచ్చిన లొల్లి అనుకున్నాను. పిరికివాణ్ణి, అంతే. ఆరేళ్ళు గడిచాయి.

పోయిన ఏడాది వాళ్ళు సొంత దేశానికి వెళ్ళిపోవడానికి టికెట్లు తీసుకున్నారు. వీడ్కోలు సభకు హాలు నిండా జనం. నర్సింగు చదువుతున్న అఖిల మొదటి వరుసలో తల్లి పక్కన కూర్చుంది. ఫోటోలు తీస్తున్నది నేను. సోల్విగమ్మ మైకు అందుకుని సాక్ష్యం మొదలుపెట్టింది. దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పకుండా దాచడం పాపమని వాళ్ళ నమ్మకం. ఆవిడ తెలుగు నేర్చుకున్నది బైబిల్లోంచి.

"రైలులో విడువబడిన శిశువును దేవుడు ఈ బాలమ్మ చేతికి అప్పగించెను. ఆ శిశువు నేడు మన మధ్య ఉన్నది. అఖిలా, లేచి నిలబడు తల్లీ!"

"వద్దమ్మా, వద్దు" అంటూ బాలమ్మ లేవబోయింది. చప్పట్లలో ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. పేరు పిలిచారని అఖిల నవ్వుతూ లేచింది. ఆ నవ్వు ఆగిపోవడం నేను ఫోన్‌లోంచి చూశాను. తల్లి పట్టుకోబోతే ఆ చేతిని తోసేసి, ఏడుస్తూ హాలు దాటి వెళ్ళిపోయింది. సోల్విగమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "సంతోషముతో ఏడ్చుచున్నది" అంది.

మర్నాడు పాలు తీసుకుని బాలమ్మ గదికి వెళితే అఖిల గిన్నె పట్టింది.

"మీ అమ్మ ఏది బిడ్డా?"

"బాలమ్మ ఇంట్ల లేదు."

ఆ వారంలోనే హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తదు. బాలమ్మ పప్పూ అన్నం డబ్బాలో పెట్టుకుని మూడుసార్లు హాస్టల్ గేటు దాకా పోయింది. మూడుసార్లూ డబ్బా అట్లాగే తిరిగొచ్చింది.

రెండు నెలలకు నార్వే నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్ళలో బాలమ్మ పేరిట ఒక కాపీ రావడం అదే మొదటిసారి. దాన్ని పట్టుకుని మా కొట్టానికి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"తమ్మీ, నా బిడ్డ గురించి ఏమన్న రాసిండ్రా? ఉన్నదున్నట్టు సదువు."

ఈసారైనా దాచొద్దనుకున్నాను. చదివి తెలుగులో చెప్పాను. "నిజం తెలుసుకున్న అఖిల తల్లిని గుండెలకు హత్తుకుని సంతోషంతో ఏడ్చింది. వాళ్ళిద్దరి ప్రేమ రెట్టింపైంది. దేవునికి స్తోత్రం."

పచ్చి అబద్ధం. అయినా వాళ్ళు మనసారా నమ్మి రాశారు. ఆ కాగితం చింపి బర్రెల కింద పారేద్దామనిపించింది. బాలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ముందుకు వంగి కాగితం మీద వేలు పెట్టింది.

"అఖిల నన్ను పట్టుకున్నదని ఏడ రాసిండ్రు? గక్కడ మల్లోసారి సదువు తమ్మీ."