గేటు అవతలి చుక్క

అంబులెన్సుల కార్యాలయంలో ఆమెను అందరూ చుక్కలమ్మ అనేవారు. ఊళ్లోని కూడళ్లను చుక్కలుగా, దారులను గీతలుగా గీసి, ఏ బండిని ఎక్కడ నిలిపితే రోగి దగ్గరికి త్వరగా చేరుతుందో తేల్చడం ఆమె ఉద్యోగం. ఇలాంటి చుక్కల, గీతల గ్రాఫుల మీద పెద్ద చదువే చదివింది. ఆ పేరు విని ఎవరు నవ్వినా పట్టించుకునేది కాదు. లెక్కలో వేలు పెడితే మాత్రం ఊరుకునేది కాదు.

ఆ ఏడు వచ్చిన కొత్త డైరెక్టరు బళ్లన్నీ ఊరి నడిబొడ్డునే ఉంచమన్నాడు. సగటున అందరికీ త్వరగా అందుతాయని ఆయన వాదన. అది అబద్ధమూ కాదు. కానీ రైలు పట్టాల అవతల క్వారీ కార్మికుల కాలనీ ఉంది. ఊరితో దాన్ని కలిపేది ఒకే గీత, గేటు దాటే రోడ్డు. గేటు పడిందనుకుని ఆమె ఆ గీతను చెరిపి మళ్లీ లెక్క వేసింది. కాలనీ చుక్క ఒంటరిదైపోయింది.

"ఒక బండి అవతల ఉండాలండీ," అంది సమావేశంలో.

"గేటు రోజంతా వేసే ఉంటుందా ఏమిటమ్మా?"

"గుండెనొప్పి గేటు తీసుందో లేదో చూసుకుని రాదు కదండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు ముఖం గంటు పెట్టుకున్నాడు. "సగటు బాగుంది, చాలు. లెక్క కింద సంతకం పెట్టండి."

"పెట్టను. మీరు సగటు అడిగారు, లెక్క సగటు చెప్పింది. అందరికంటే ఆలస్యంగా అందేవాళ్ల సంగతి అడగండి, వేరే జవాబొస్తుంది."

ఇంట్లో భర్త తల పట్టుకున్నాడు. "పైవాళ్లతో నీకెందుకే ఈ గొడవ?"

"నేను పెట్టుకోలేదు. వాళ్లే నా లెక్కతో పెట్టుకున్నారు."

"సరే, పెట్టుకుంటే గట్టిగా పెట్టుకో. మధ్యలో మెత్తబడితే ఇంట్లో నీతో నేను పడలేను."

మర్నాడు ఆమె డ్రైవరును వెంటబెట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది. "ఒక్కసారి కాలనీదాకా వెళ్లొద్దాం రండి సార్." గదిలో ఉన్నవాళ్ల ముందు కాదనలేక ఆయన బండెక్కాడు. సగం దారిలో గేటు పడింది. గూడ్సు వచ్చి పట్టాల మీదే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో డైరెక్టరు చెమట తుడుచుకుంటూ గడియారం చూసుకున్నాడు.

"ఇది మామూలేనండి," అన్నాడు డ్రైవరు.

నెల తిరక్కుండానే కాలనీలో ఒక బండి నిలిచింది. ఆమెకు మందుల గోదాముకు బదిలీ వచ్చింది. సంతకం పెట్టనన్నందుకేనని అందరికీ తెలుసు. వీడ్కోలు టీకి కూడా ఆగకుండా వెళ్లి చేరింది. చేరగానే వ్యాన్లు తిరిగే దారుల పటం అడిగింది.

"ఇక్కడంతా సవ్యంగానే ఉందమ్మా," అన్నాడు గోదాము మేనేజరు నసుగుతూ.

"ఉంటే మంచిదే. పటం ఇవ్వండి," అని ఆమె కుర్చీ లాక్కుంది.