ఉప్పునీళ్ళకు నెల తప్పిన రోజు

ఆ రోజుల్లో ఆడమనిషికి నెల తప్పిందో లేదో తేల్చే అధికారం మా వరంగల్లులో కప్పలకు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు (నవ్వనివ్వండి, మేమూ నవ్వినవాళ్ళమే). నేను కొత్తగా చేరిన ల్యాబు పదిమంది చందాలతో నడిచేది. లాభం మాట లేదు. పరీక్షకు వచ్చినామె మూత్రం కాస్త మగకప్పకు సూదితో ఎక్కించి, మూడు గంటలయ్యాక ఆ కప్ప మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే వీర్యకణాలు కనిపించాలి. కనిపిస్తే శుభవార్త. మన ఊరి కప్పలు ఏడాది పొడుగునా ఇందుకు పనికొస్తాయా అన్నది మా డాక్టరుగారి పరిశోధన. ఒకసారి వాడిన కప్పలో పాత వీర్యకణాలు ఇంకా మిగిలుంటాయి కాబట్టి, వారం విశ్రాంతి ఇవ్వకపోతే దాని మాట నమ్మలేం. అందుకని మా అటెండరు తాత వాడిన కప్ప కాలికి కాశిబుగ్గ మగ్గాల దగ్గర అడిగి తెచ్చిన ఎర్ర నూలు కట్టేవాడు. ఖిలా కోట కందకంలో వాటిని పట్టేదీ, మురిపెంగా చూసుకునేదీ ఆయనే.

ఒక మధ్యాహ్నం తాత భోజనానికి వెళ్ళగానే నేనూ, మా గుమాస్తా వరండాలో సుద్దతో గీత గీసి కప్పల పందెం పెట్టాం. దారం పరుగుకు అడ్డమని విప్పేశాను. పందెం అయ్యాక ఏ దారం ఏ కప్పదో తెలియలేదు (అన్నీ ఒకే మొహం పెట్టుకుని చూశాయి). చేతికి దొరికినవాటికి కట్టేశాను.

మరునాడు డాక్టరుగారు అలవాటు ప్రకారం, పరీక్ష సరిగ్గా ఉందో లేదో చూడటానికి దారం లేని ఒక కప్పకు ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించారు. అదీ శుభవార్తే చెప్పింది. "ఉప్పునీళ్ళకు నెల తప్పిందా?" అన్నారాయన, నవ్వకుండా. ఆ వారం లెక్కంతా కొట్టేసి, దారాలు కట్టిందెవరని అడిగారు. నేను మైక్రోస్కోపు అద్దం తుడుస్తూ నిలబడ్డాను.

"నేనే సారూ. కండ్లు జర మసక అయితానయ్," అన్నాడు తాత.

ఆయన్ను సీసాలు కడిగే పనికి మార్చి, కప్పలను నాకు అప్పగించారు. అప్పటినుంచి మావాళ్ళు నలుగురు కలిస్తే చాలు, 'తాత గుడ్డిముడి' కథే. అందరితో పాటు నేనూ ఇన్నేళ్ళు నవ్వాను. ఆ ముడి నాదని ఇప్పుడు రాస్తున్నాను. చదవడానికి తాత లేడు.

నిజానికి ఆయనకు చెప్పాల్సిన పనే లేకపోయింది. ఆ సాయంత్రం కుళాయి దగ్గరికి వెళ్ళి నేను నోరు తెరవకముందే అన్నాడు: "ఫికర్ జెయ్యకు బిడ్డా. నిన్న వరండ ఊడ్శింది నేనే గద, సుద్ద గీత చూశిన. కొత్త నౌకరి నీది, పోతే మల్ల దొరకది. నాకేంది, సీసలు గడుగుత." కాసేపు సీసా కడిగి, తల ఎత్తకుండానే అడిగాడు. "గని, నీ కప్ప గెల్శిందా?"

గెలిచిందన్నాను. అదీ అబద్ధమే.