పాకం ముదిరిన పెనాల్టీ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మాకు యూరప్ అంటే డ్రిల్లు అయ్యవారే. ఆయన గుంతకల్లు దాటి ఎరగరు; కానీ ఎక్కడో దొరికిన పాత ఆటల పత్రిక ఒకటి ఆయన దగ్గర ఉండేది. అక్కడి క్లబ్బులు హ్యాండ్‌బాల్ కప్పు కోసం ఎలా తలపడతాయో అందులో చదివి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జట్లకు అచ్చం అలాంటి పోటీయే పెట్టారు. ఒక ఆట మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. రెండింటి గోల్సూ కలిపి చూసి, ఓడినవాళ్లను ఇంటికి పంపడం. (ఉన్నవి మూడే జట్లు కాబట్టి, ధర్మవరం వాళ్లు చీటీ పుణ్యమా అని ఆడకుండానే ఫైనల్‌కు వచ్చేశారు.)

అక్కడి ఆటగాళ్లు బంతి జారకుండా వేళ్లకు జిగురు రాసుకుంటారని కూడా ఆ పత్రికలో ఉంది. "మనకు జిగురు యాడిది సార్?" అన్నారు మావాళ్లు. నేనప్పుడే బెల్లం మండీలో పనికి చేరాను. హిందూపురంలో పుట్టి జిగురుకు వెతుక్కోవడమేమిటని బెల్లం పాకం కాచి తెచ్చాను. పెనుకొండ మీద అది బ్రహ్మాండంగా పనిచేసింది. వాళ్ల గోల్‌కీపరు గోల్లోంచి బంతి తీసిన ప్రతిసారీ వేలు నాకి, "ఏందబ్బా ఇది, తియ్యగా ఉండాది!" అనేవాడు.

మా నాయనకు మాత్రం ఈ ఆట గిట్టేది కాదు. గానుగ దగ్గర పాకం దించడంలో ఆయన పేరున్న మనిషి. "పెండ్లీడొచ్చినోడివి, బంతెనకాల ఎగురుతాండావు. సిగ్గులేదా?" అనేవాడు. ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలితే, ధర్మవరంలో జరిగే ఆఖరి ఆటకు సరేనన్నాడు. కప్పు కంటే నాకు అదే ముఖ్యం. ఆయన కళ్లముందు గెలవాలి. అందుకే ఆ రోజు పాకం ఇంకాస్త గట్టిగా కాచాను. (తెలివి ఎక్కువైతే ఇంతే.)

మా ఊళ్లో మేం రెండు గోల్సు తేడాతో గెలిచి ఉన్నాం. ధర్మవరంలో చివరి నిమిషానికి వాళ్లు సరిగ్గా రెండే ముందున్నారు. అప్పుడు మాకు పెనాల్టీ వచ్చింది. వేసేది నేను. నాయన వైపు ఒకసారి చూసి విసిరాను. చెయ్యి పోయింది, బంతి పోలేదు. కీపరు రాని బంతి కోసం ఎగిరి పక్కకు పడ్డాడు. అప్పుడు తీరిగ్గా నా వేళ్లు వదిలిన బంతి కాళ్ల ముందు పడి, ఖాళీ గోలు వైపు మెల్లగా దొర్లుతూ, దారిలో ఉన్న మన్నంతా అంటించుకుని, గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. "ఏమప్పా, ఊదితే పోతాదేమో సూడు!" అని ఎవరో అరిచారు. మైదానమంతా ఒకటే నవ్వు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాను. అదనంగా ఆడించిన ఐదు నిమిషాల్లో కప్పు వాళ్లదైంది.

తిరుగు బస్సు పెనుకొండ దాటింది. నాయన నా కుడిచెయ్యి పట్టుకుని, వేలి మీది పాకం గీకి, బొటనవేలితో నలిపి చూశాడు. "నీకు ఆట రాక కాదురా. పాకం ముదిరింది. తీగ పాకం కాడ దించాల. ఇంట్లోనే నేనుండా కదా, నన్నొక మాట అడగకూడదా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పట్టిన చెయ్యి ఆయన హిందూపురం దాకా వదల్లేదు.

మరుసటి ఏడు ఆయనే స్వయంగా పాకం దించి డబ్బాలో పోసి ఇచ్చాడు. కానీ డ్రిల్లు అయ్యవారికి బదిలీ అయి పోటీయే జరగలేదు. ఆ పాకాన్ని జట్టంతా కలిసి దోసెల్లోకి నంజుకున్నాం. ఇప్పటికీ ఎక్కడైనా బంతాట కనిపిస్తే నా వేళ్లు వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. ఆ రోజు ముందే అడిగి ఉంటే కప్పు మాదే. కానీ బస్సులో నాయన అంతసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చునేవాడా? పిచ్చివాణ్ణి, ఇల్లు చేరేదాకా కప్పు పోయిందనే ఏడ్చాను.