టైలరు దాచిన అరంగుళం

నేను టైలర్ని. మా పనిలో ఒక మర్యాద ఉంది. ఒంట్లో వంకర ఎవరిదైనా సరే, దాన్ని బట్టలో సర్దేయాలి గాని నోటితో అనకూడదు. ఒక భుజం దిగి ఉంటే లోపల చిన్న మెత్త పెడతాం. పొట్ట పెరిగి వస్తే "బట్ట ఉతుక్కి ముడుచుకుపోయిందండీ" అంటాం. ఈ మర్యాద ఒక గుర్రం ప్రాణం మీదికి తెచ్చిందంటే నమ్ముతారా? నమ్మరు. నేనే నమ్మలేదు.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, గుర్రపుస్వారీ నేర్పుతుంది. సొంత ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పలేదు గాని, గుర్రం ఏ కాలు ముందు వేస్తోందో కళ్ళు మూసుకుని చెప్తుంది. ఆరేళ్ళుగా ఆమె ఎక్కేది ఒకే ఒక్క ఆడగుర్రం. దాని నిక్కు చూసి అందరూ దొరసాని అని పిలుస్తారు. ఆ దొరసాని ఒకరోజు జీను చూడగానే చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపించింది. నడుం మీద చెయ్యి వేస్తే చాలు, కిందికి కుంగిపోతోంది.

పశువుల డాక్టర్ వచ్చి వెన్ను పొడుగునా వేళ్ళతో నొక్కి చూశాడు. ఎముక బాగానే ఉంది, ఎడమవైపు కండరాలు బిగుసుకుపోయాయి, రోజూ వ్యాయామం చేయించాలి, తను చెప్పేదాకా ఎవరూ ఎక్కకూడదు అన్నాడు. గుర్రపుశాల యజమాని దానికి ఇంకో మాట తగిలించాడు.

"మూడు నెలలు చూస్తానమ్మా. అప్పటికీ మనిషిని మొయ్యలేకపోతే పంపించేస్తా. ఊరికే నిలబెట్టి మేపడానికి నా దగ్గర చోటు లేదు."

ఎక్కడికి పంపిస్తాడో వదిన అడగలేదు. ఆ పూట కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయింది.

గుర్రానికి వ్యాయామం చేయిస్తారట, ఆ వింతేమిటో చూద్దామని ఒక సాయంత్రం కొట్టు కట్టేసి వెళ్ళాను. ఒకసారి చూశాక ఆగబుద్ధి కాలేదు, రోజూ వెళ్ళడమే. వదిన క్యారెట్ ముక్కని దొరసాని ముందుకాళ్ళ మధ్యకి తీసుకెళ్ళేది. అది మెడ వంచి అందుకోబోతే వీపు దానంతటదే పైకి లేచేది. తినేది నోరు, బలపడేది నడుం! ఆ తర్వాత నేలమీద కర్రలు పరిచి వాటిమీదుగా మెల్లగా నడిపించేది. వెన్నుకి అటూ ఇటూ అరచేతులతో రుద్దుతుంటే, కాసేపటికి దొరసాని కింది పెదవి వేలాడేసి ఇంత నోరు తెరిచి ఆవలించేది.

"అదిగో, పట్టు వదిలింది" అనేది వదిన.

"మా అన్నయ్య నెలరోజుల్నుంచీ నడుంనొప్పి అని మొత్తుకుంటున్నాడు కదా వదినా, ఆయనకీ చెయ్యొచ్చుగా?"

"ఆయన క్యారెట్‌కి వంగడయ్యా."

రెండో నెలలో జీను నా కొట్టుకొచ్చింది. అడుగున ఉన్న పాత ఉన్ని తీసేసి కొత్తది కూరాలి. కుట్లు విప్పితే కుడివైపు ఉన్ని ఇంకా మెత్తగానే ఉంది, ఎడమవైపుది అట్టలా అణిగిపోయింది. నా చెయ్యి ఆగిపోయింది. వదిన ఒకసారి కిందపడి తుంటికి దెబ్బ తగిలించుకుంది. అప్పట్నుంచీ ఆమె ప్యాంట్లకి ఎడమ కాలు అరంగుళం తగ్గించి కుడుతున్నది నేనే. ఆ సంగతి ఆమెకి తెలియదు. నిలబడితే ఎవరికీ కనబడదు. కూర్చుంటే బరువంతా ఎటు పడుతోందో ఈ ఉన్ని చెప్తోంది.

చెప్పానా? చెప్పలేదు. మహా తెలివైనవాణ్ణి కదా, ఎడమవైపు రెండు గుప్పెళ్ళ ఉన్ని ఎక్కువ కూరి, సర్దేశాననుకున్నాను.

పదకొండో వారంలో డాక్టర్ సరేనన్నాడు. వదిన ఎక్కింది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు జీను దించి చెయ్యి వేస్తే, ఎడమవైపు మళ్ళీ కుంగింది. వదిన అక్కడే గడ్డిలో కూలబడింది.

"నేనేం తప్పు చేశానయ్యా? డాక్టర్ చెప్పిందల్లా చేశానే! ఇంక పది రోజులే. దీన్ని తోలేస్తారు."

ఇక నావల్ల కాలేదు. అరంగుళం సంగతి, అణిగిన ఉన్ని సంగతి, సరిగ్గా బరువు పడే చోటే నేను ఇంకా గట్టిగా కూరిన సంగతి, అన్నీ కక్కేశాను.

ఆమె తిట్లు ఇక్కడ రాయను. మా అన్నయ్యని ఇరవై ఏళ్ళలో అనని మాటలన్నీ నన్ను అంది. ఆఖరికి గొంతు తగ్గించి "ఎన్నాళ్ళుగా?" అంది.

"ఆరేళ్ళు."

"అంటే ఆరేళ్ళుగా నేను దీని నడుం నొక్కుతున్నాను, నువ్వు నా ప్యాంటు సర్దుతున్నావు."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? "పోనీ కుడివైపు ఇంకాస్త మెత్త..." అన్నాను.

"మళ్ళీ దాస్తావా?" అని కసిరింది. జీను రెండువైపులా సమానంగా నింపుకు రమ్మని అప్పటికప్పుడే తరిమింది. మళ్ళీ క్యారెట్లు, కర్రలు, రుద్దడం మొదలు.

గడువు రోజున యజమాని వచ్చాడు. వదిన బూట్లు తొడుక్కునే ఉంది, ఎక్కుతుందనే అనుకున్నాను. దొరసాని వీపంతా అరచేత్తో తడిమి చూసి, జీను బిగించి, యజమాని కూతుర్ని పిలిచింది. ఆ అమ్మాయి వదిన దగ్గరే స్వారీ నేర్చుకుంది.

"నువ్వెక్కమ్మా."

"అదేంటి, మీరెక్కరా?" అన్నాడు యజమాని.

"గుర్రం బాగుందండీ. వంకర నాది. తుంటికి వైద్యం చేయించుకుంటాను. కుదిరితే ఎక్కుతాను, లేకపోతే ఈ జన్మకి ఇంతే."

ఆ పిల్ల నాలుగు చుట్లు నడిపించి, తర్వాత పరుగెత్తించింది. దొరసాని మెడ ముందుకి చాచింది, ముక్కుతో బుర్రుమంది, తోక అటూ ఇటూ తేలిగ్గా ఊపింది. పరుగు ఆపాక యజమాని వెళ్ళి జీను వెనక నడుం మీద ఎడమవైపు గట్టిగా నొక్కాడు. అది కదల్లేదు. "ఉండనివ్వండి" అని అతను వెళ్ళిపోయాడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. వదిన మాత్రం కంచె పట్టుకుని, ఇంకో చుట్టు తిరుగుతున్న దొరసానినే చూస్తోంది.

"పైన కూర్చునేదాన్ని కదా, దీని నడక ఇంతే అనుకున్నానయ్యా. ఇన్నేళ్ళలో నన్ను మోస్తూ ఒక్కరోజైనా ఇంత హాయిగా నడవలేదు."

కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోనైనా లేదు. ఇంతలో ఆ పిల్ల మా ముందునుంచి వెళ్ళింది. "మడమలు కిందికి!" అని వదిన స్వారీ పాఠం చెప్పే గొంతుతో అరిచింది.