నిద్ర పట్టిన ఇల్లు

తిరుత్తణిలోని మా ఇంటిని అమ్మకానికి పెట్టి రెండేళ్లయినా అడిగే నాథుడు లేడు. మంచిది కాదని ఆడి నెలలో ఇల్లు ఎవరూ కొనరు కదా అని తాళం వేసి, తిరువళ్లూరు రైలెక్కాను. మా బావినీళ్లతో కాఫీ కలిపితే చక్కెర అక్కర్లేదని, ఎదుటి సీటులో పూలు కడుతున్న ఆవిడకు కోతలు కోశాను.

"అంత మంచి ఇంటికి తాళమేసి యాడికి పోతుండావన్నా?" అని ఆవిడ నవ్వింది. "ఆడి కృత్తికకు కొండమింద గుడికి కావడోళ్లు వస్తారు గదా, మీ ఇంట్లో ఊరికే పండుకోనీ. నిద్ర పట్టిన ఇంటిని మనిషి మరిచిపోడు."

తర్వాతి స్టేషన్లో దిగి, వెనక్కి వెళ్లి తలుపులు తీశాను. కృత్తికకు ఇంటినిండా భక్తులు గురకపెట్టారు. ఆడి పోయి ఆవణి నెల రాగానే వాళ్లలో ఇద్దరు నాకంటే నాకని పోటీపడ్డారు. ఇల్లు నేనడిగిన ధరకే అమ్ముడుపోయింది!

ఏం చెప్పి అమ్మావని బ్రోకరు ఇప్పటికీ అడుగుతాడు. జోల పాడానంటాను.