ఉగ్గుగిన్నెలో ముంచిన గుడ్డ

అవ్వ గుడ్డను పొయ్యిలో వేసింది నేనేనని ఇంతవరకూ నా నోటితో ఎవరికీ చెప్పలేదు.

అవి విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే రోజులు. మా పావగడ పల్లెల్లో ఇంకా వాన పడలేదు. బోరింగు దగ్గర బిందెలు వరుసకట్టి ఉండేవి. చేతులు కడగాలన్నా ఆలోచించేవాళ్లం. అప్పుడే ఊళ్లోకి కండ్లకలక వచ్చింది. ఎర్రబడ్డ కళ్లను చూస్తే అంటుకుంటుందని అందరి నమ్మకం. ఊరంతా తల దించుకుని నడిచింది. నేనెప్పుడూ అలాగే నడుస్తాను.

మా ఇంట్లో అక్క బాలింత. బిడ్డకు నెల నిండలేదు. కలకకు చనుబాలే మందని, అక్క ఉగ్గుగిన్నెలోకి పాలు పిండి ఇస్తే అవ్వ వసారాలో కూర్చుని వచ్చినవాళ్ల కళ్లలో వేసేది. గుడ్డ కొసను పాలలో ముంచి పిండేది. కారిన నీళ్లను ఆ గుడ్డతోనే తుడిచేది. తర్వాతి మనిషికీ అదే గుడ్డ. కళ్లు బాగున్నవాళ్లు కూడా ముందుజాగ్రత్తకని వచ్చేవారు. నేను రోజూ తెల్లవారగానే బిడ్డ కళ్లు చూసేదాన్ని.

ఒకరోజు పక్కింటి తాత వచ్చాడు. ఆయనకు చూపు పోయి చాలా ఏళ్లయింది. రెప్పలు వాచి నీళ్లు కారుతున్నాయి.

"నాకు ఎవురి కండ్లూ కనపడవు గదమ్మా, నాకెట్లొచ్చె?"

"నిన్ను ఎవురో చూసింటార్లేప్పా," అంది అవ్వ. కాయలు ఒలిచేవాళ్లు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మొన్న ముందుజాగ్రత్తకని వచ్చినప్పుడు తాత కళ్లు బాగానే ఉన్నాయి. ఆయన ఎవరినీ చూడలేదు, గుడ్డతో తుడిపించుకున్నాడు. సైన్సు పుస్తకంలో వైరస్ గురించి చదివిన పేరా గుర్తొచ్చింది. చూపుతో కాదు, తడితో వస్తోంది.

"ఈపొద్దు బిడ్డకూ రెండు చుక్కలేస్తా, ఏమీ రాదు," అంటూ అవ్వ గుడ్డను గడప మీద పెట్టి దూడను కట్టేయడానికి పోయింది.

అవ్వకు ఎదురు చెప్పే నోరు నాకు లేదు. గుడ్డ తీసి పొయ్యిలో పడేశాను. తడిగా ఉండి అంటుకోలేదు, పొగ చిమ్మింది. పుల్లతో లోపలికి తోశాను.

"ఏంది మే, గుడ్డ యాడ పెట్టినా నేను?" అవ్వ అంతా వెతికింది. "పోనీ, ఇంకోటి చించుతా."

గుడ్డ మారినా గిన్నె అదే, చెయ్యి అదే. గదిలోకి పరుగెత్తాను.

"చూపు కాదక్కా. అవ్వ గుడ్డ, అవ్వ చెయ్యి."

గదిలోకి కాలిన గుడ్డ వాసన వచ్చింది. అక్క నా చేతుల మసి చూసింది. వసారాలో గుడ్డ చించుతున్న చప్పుడు. పాలు లేవంటేనే అవ్వ ఆగుతుంది. పాలు సరిపోని తల్లిని అత్తగారింట్లో ఏమంటారో మా ఇద్దరికీ తెలుసు.

అక్క బిడ్డను కొంగులోకి లాక్కుని మెల్లగా అంది:

"బిడ్డకే పాలు చాలడం ల్యాదని అవ్వకు నేను జెప్తా. మా అత్త ఊరంతా చాటుకోనీ. నువ్వు బో, చేతులు కడుక్కోని వచ్చి బిడ్డనెత్తుకో."