ఎండిన జొన్నచేలో ఎడ్లు

జొన్నరొట్టెలో అంత బలం ఏముందని అంత దూరం నుంచి ఫోన్లో అడిగావు కదా చిన్నీ, ఒకటి తింటే పొద్దుగూకేదాకా నాగలి వెనక నడవొచ్చు, అంతకు మించి నాకు తెలియదు. ఇప్పుడూ పెనం మీద రొట్టె మాడుతోంది. ఆ కమురు వాసన కిటికీలోంచి వచ్చే కంపెనీల ఘాటుతో కలిసి, మా ఊరు చిట్కుల్‌లో ఈ కిరాయి గదుల వరుసలు లేని రోజుల్లోకి నన్ను లాక్కుపోతోంది.

అప్పుడిదంతా నల్లరేగడి. తొలి ఏకాదశికి అమ్మ జొన్నపేలాలను బెల్లంతో దంచితే, ఆ పిండి నోట్లో కుక్కుకుని ఒకరి ముఖం మీద ఒకరం ఊదుకునేవాళ్లం. చలికాలంలో పాలకంకులు నిప్పుల మీద కాల్చి, నలిపి, చేతులు చుర్రుమంటుంటే ఆ ఊసబియ్యం బుక్కేవాళ్లం. చొప్పబెండుతో బండ్లు చేసి, పేడపురుగులను ఎడ్లని కట్టేవాళ్లం.

జొన్న మొండిది. వాన మొహం చాటేస్తే ఆకులు చుట్టుకుని, పెరగడం మానేసి, చావకుండా నిలబడుతుంది. కానీ అలా ఎండకు మాడిన లేతపైరులో విషం పుడుతుంది. గింజ పట్టేనాటికి ఆ విషం పోతుంది గానీ, అంతలో మేసిన పశువు, వెంటనే బెల్లం నీళ్లు పట్టకపోతే, బతకడం కష్టం. మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

శ్రావణం పొడిగా పోయిన ఒక ఏడు, మా నాయినకు అన్న అయిన పెదనాయిన ఎడ్లు రెండూ తాళ్లు తెంపుకుని మా చేలో పడ్డాయి. పంపకాల్లో పొలం గెట్టు దగ్గర తగువై అన్నదమ్ములకు అప్పటికే మాటల్లేవు. నాయిన దుడ్డుకర్రతో ఉరికాడు. మూతుల మీద, వీపుల మీద నెత్తురు చిమ్మేదాకా బాదాడు. ఆకలిగొన్న ఎద్దు చిన్న దెబ్బకు మేతలోంచి తలెత్తదు. నేను గట్టు మీద నిలబడి ఏడుస్తున్నాను. అప్పుడే పెదనాయిన వచ్చాడు; ఎడ్ల నెత్తురే చూశాడు గానీ, పైరు వంక చూడలేదు.

"గెట్టు మింగినవ్, సాలలేదారా? ఇగ నోరులేని జీవాల మీద వడ్డవా!"

నాయిన తల తిప్పలేదు, కర్ర ఆపలేదు. పెదనాయిన చేతిలోని గొడ్డలి తిరగేసి కొట్టాడు. నాయిన కుడిచేయి పచ్చి చొప్ప విరిగినట్టు ఫట్‌మంది. కర్రను ఎడమచేతికి మార్చుకుని నాయిన మళ్లీ ఎడ్లనే కొట్టాడు. ఇంకో దెబ్బ భుజం మీద, ఆ తర్వాతిది నెత్తి మీద పడ్డాక కూలబడ్డాడు.

అంతలో ఎర్ర ఎద్దు నురగలు కక్కుతూ మోకాళ్ల మీద కుంగి, కాళ్లు తన్నుకుంటూ ఒరిగిపోయింది. పెదనాయిన చేతిలోంచి గొడ్డలి జారింది.

"బెల్లం నీళ్లు తే బిడ్డా... జల్దీ ఉరుకు," అన్నాడు నాయిన, కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకోకుండానే.

పేలాల పిండికి పోను అమ్మ దాచిన బెల్లమంతా నీళ్లలో కలిపి తెచ్చాను. తెల్ల ఎద్దు దక్కింది. ఎర్రది మా చేలోనే చచ్చింది.

తర్వాత వానలు పడి అదే పైరు తేరుకుంది. నాయిన చేయి తేరుకోలేదు; ఇక ఎన్నడూ కొడవలి పట్టలేదు. కోతల నాడు పెదనాయిన పిలవకుండానే వచ్చి, చేనంతా కోసి, కళ్లెత్తకుండా వెళ్లిపోయాడు. ఆ గింజలే ఏడాదంతా మమ్మల్ని బతికించాయి. అన్నదమ్ములు మాత్రం చచ్చేదాకా మాట్లాడుకోలేదు.

ఆ చేను మీద ఇప్పుడు రేకుల షెడ్డు. జొన్నపిండి ప్యాకెట్లో వస్తోంది, ఊసబియ్యం మీ తరం ఎరగదు. రొట్టె తట్టినప్పుడల్లా, ఎడమచేత్తో ముక్క తుంచుకుంటున్న నాయినను ఒకనాడు నేనడిగిన మాటే చెవిలో పడుతుంది. ఆయన ఆ ముక్క నా నోట్లో పెట్టాడు.

"నీ ఎడ్లనే బతికిస్తున్ననే అన్నా అని ఒక్క మాట ఎందుకనకపోతివి నాయినా?"